ఏనుగు గుర్తున్న ఈ స్కాటిష్ బ్యాడ్జి అసలుదేనా?

సైనిక బ్యాడ్జీలు సేకరించేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. పాత నాణేలు అమ్మే ఒకాయన దగ్గర హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ టోపీ బ్యాడ్జి ఉంది. తెల్ల లోహం. నక్షత్రం మధ్యలో బాకా, పైన కిరీటం, అడుగున బుల్లి ఏనుగు, 'అస్సాయే' అన్న అక్షరాలు.

స్కాట్లండ్ పటాలానికి ఏనుగేంటి అనుకుంటారేమో. 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అస్సాయేలో, బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ మరాఠాలతో చేసిన యుద్ధంలో 74వ హైలాండర్లనే స్కాట్లండ్ పటాలం వాళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. ఏనుగు గుర్తు ఆ పోరాటానికి దక్కిన గౌరవం. 1881లో 71వ పటాలంతో కలిపేసి హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీగా మార్చినా దాన్ని వదల్లేదు. (పేరుకు హైలాండ్ దళమే గానీ, 1947 దాకా వీళ్లకు కిల్టు (స్కాట్లండ్ మగవాళ్లు కట్టే గళ్ల లంగా) లేదు, ప్యాంట్లే!)

ఇక నా సందేహాలు. కిరీటం పైభాగం గుండ్రంగా ఉంది, నడిమిలో నొక్కినట్టు లేదు. అంటే నొక్కున్న కిరీటం వాడిన రెండో ఎలిజబెత్ రాణి కాలానికి ముందుదేనా, లేక నకిలీలూ అలాగే చేస్తారా? వెనక కొక్కేలు లేవు, టోపీలోకి దూర్చే పొడుగాటి రేకు ఉంది. తొండం దగ్గర గీతలు మొద్దుబారాయి. అది అరుగుదలా, పోతపోసిన నకలుకు గుర్తా? ఆయన 2,500 చెబుతున్నాడు. ఆదివారం దాకా ఆగుతానన్నాడు, కొనొచ్చంటారా?