68 ఏళ్ళ వయసులో ఒంటరి కొండనడకను మధ్యలో ఆపేశాను: అది వివేకమా, భయమా?

ప్రశ్న

నా వయసు 68. నిరుడు 420 కిలోమీటర్ల కొండదారిని ఒక్కడినే 28 రోజుల్లో పూర్తి చేయాలని బయలుదేరాను. 22వ రోజున, ఇంకా 90 కిలోమీటర్లు మిగిలి ఉండగా, నడక ఆపి దగ్గరలోని రోడ్డు మీదికి దిగి వచ్చేశాను.

పెద్ద దెబ్బేమీ తగల్లేదు. వానకు తడిసిన రాళ్ళ మీదుగా దిగుతుంటే ఎడమ మోకాలు పట్టు తప్పి, జారి కూలబడ్డాను. అరచేయి గీసుకుపోయింది. చేతికర్ర ఒకటి నాలుగడుగుల కిందికి జారి పొదలో ఇరుక్కుంది. లేచి దాన్ని తెచ్చుకోగలనని నాకు తెలుసు. అయినా దాదాపు అరగంట ఆ రాతి మీదే కూర్చుని, పొదలోంచి బయటికి కనిపిస్తున్న కర్ర పిడిని చూస్తూ ఉండిపోయాను. తెల్లవారినప్పటి నుంచి ఒక్క మనిషి కూడా ఎదురుపడలేదన్న సంగతి అప్పుడే మనసుకు తగిలింది.

నిజానికి ఆ ఏకాంతం కోసమే వెళ్ళాను. మొదటి వారమంతా పాత తగాదాలు, చెప్పకుండా మింగేసిన మాటలు తలలో తిరుగుతూనే ఉన్నాయి. పదో రోజు దాటాక అవి వాటంతట అవే సద్దుమణిగి, బూట్ల కింద నలిగే కంకర చప్పుడూ నా ఊపిరీ తప్ప మరేమీ వినిపించని గంటలు మొదలయ్యాయి. ఉద్యోగం చేసిన ఇన్నేళ్ళలో అంత నెమ్మది నేను ఎరగను. అదే ఏకాంతం ఆ రాతి మీద నన్ను భయపెట్టింది.

అరవై దాటాక ఒంటరిగా నడిచినవారిని అడుగుతున్నాను: శరీరం చేసే హెచ్చరికనూ మనసులోని భయాన్నీ మీరు ఎలా వేరు చేసి గుర్తుపట్టారు? మళ్ళీ వెళితే ఆగిన చోటి నుంచి మొదలుపెట్టాలా, మొదటి నుంచి నడవాలా?

జవాబు: 71 ఏళ్ళ పాదచారి

ఆ రెండింటినీ వేరు చేయడం నాకు ఇప్పటికీ చేతకాలేదండీ. భయం చాలాసార్లు శరీరం చెప్పదలచుకున్నదాన్నే ముందుగా చెబుతుంది. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: సాయంత్రం పూట, ఆకలి మీద, తడిబట్టలతో ఉన్నప్పుడు నడక మానేయాలన్న నిర్ణయం తీసుకోను. డేరా వేసుకుని, వేడిగా ఏదైనా తిని, పడుకుని, తెల్లవారాక కూడా అదే మాట అనిపిస్తే అప్పుడు దిగిపోతాను. అలా రెండుసార్లు దిగి వచ్చాను. ఆ రెండింటికీ నేను చింతించలేదు. ప్రమాదం కళ్ళెదుటే ఉన్నప్పుడు మాత్రం ఈ నియమం పనికిరాదు.

మీ రెండో ప్రశ్నకు ఎమ్మా గేట్‌వుడ్ గుర్తుకొస్తున్నారు. ఆమె 1954లో అమెరికాలోని అప్పలేచియన్ కాలిబాటను ఉత్తర కొస నుంచి మొదలుపెట్టి, కొద్ది రోజులకే దారి తప్పి, కళ్ళజోడు పగలగొట్టుకుని, అటవీ సిబ్బంది నచ్చజెప్పగా ఇంటికి తిరిగి వెళ్ళారు. మరుసటి ఏడాది, 67 ఏళ్ళ వయసులో, ఈసారి దక్షిణ కొస నుంచి బయలుదేరి, 3,000 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా నడిచి, తాను తప్పిపోయిన ఆ ఉత్తరపు అడవిలోనే నడక ముగించారు. ఆగిన చోటు, మొదలైన చోటు అన్న రెండు దారులే మీకున్నాయని అనుకోకండి.

జవాబు: ఫిజియోథెరపిస్ట్

మీ మోకాలిని పరీక్షించకుండా ఖచ్చితంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాంట్లో దిగుడు అన్న మాట నాకు ముఖ్యంగా కనిపించింది. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరాలు కుదించుకుంటూ పనిచేస్తాయి. దిగేటప్పుడు అవే కండరాలు సాగుతూ శరీరపు బరువుకు, సంచి బరువుకు బ్రేకు వేయాలి. ఆయాసం రాదు కనుక దిగడం తేలికని అనుకుంటాం. కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం అక్కడే. వయసు పెరిగినకొద్దీ ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఎక్కువ వ్యవధి కావాలి. దానికి తోడు దాహం తెలియడం కూడా మందగిస్తుంది కాబట్టి, దప్పిక వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉండాలి.

రోజుల లెక్క ఎలా వేసుకున్నారో తెలుసుకోవాలని ఉంది. 1892 నాటి నేస్మిత్ సూత్రం ప్రకారం 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట పడుతుంది. దిగుడుకు అందులో అదనపు సమయమే లేదు. 22 రోజుల్లో పూర్తి విశ్రాంతి రోజులు ఎన్ని తీసుకున్నారు?

జవాబు: ఒక పాదచారి కూతురు

మా నాన్నగారు కూడా ఒంటరిగానే నడుస్తారు. రోజూ సాయంత్రం ఏడింటికి ఉపగ్రహ పరికరం నుంచి ఒక సందేశం పంపుతారు. ఒకసారి బ్యాటరీ అయిపోయి ఆ సందేశం రాలేదు. మరునాడు మధ్యాహ్నం దాకా నేను ఫోను కింద పెట్టలేదు. అప్పటి నుంచి ఆయనను వెళ్ళవద్దని అడగడం మానేసి, ఎన్ని గంటలు ఆలస్యమైతే నేను ఎవరికి కబురు చేయాలో ముందే కాగితం మీద రాసి ఇవ్వమని అడుగుతున్నాను. ఆ కాగితం ఉన్నందువల్ల తనకు కూడా నడకలో తేలిక దొరికిందని ఆయనే చెప్పారు. మీరు ఆ రాతి మీద కూర్చున్నప్పుడు, మీరు ఎక్కడున్నారో ఎవరికైనా తెలుసా అండీ?

ప్రశ్న వేసినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. ముందుగా అమ్మాయి అడిగినదానికి: ఎవరికీ తెలియదు. మూడు రోజులుగా ఇంటికి కబురు పంపలేదు.

విశ్రాంతి రోజుల సంగతి రాయడానికి కొంత కష్టంగా ఉంది. నాలుగు అనుకున్నాను, ఒక్కటీ తీసుకోలేదు. 28 రోజులని బయలుదేరే ముందు అందరితోనూ చెప్పాను. 9వ రోజు వానకు సగం దూరమే నడిచాక, ఆ అంకెను నిలబెట్టుకోవడానికి విశ్రాంతులన్నీ కొట్టేశాను. మోకాలు 15వ రోజు నుంచే సాయంత్రాలు బిగుసుకుంటూ ఉంది. అంటే నేను భయం అనుకున్నది వారం రోజులుగా నేను వినడానికి ఇష్టపడని మాటే అయి ఉంటుంది.

మిగిలిన 90 కిలోమీటర్లను ఈసారి అవతలి కొస నుంచి నడుస్తాను. అప్పుడు నేను జారిన ఆ దిగుడు ఎక్కుడు అవుతుంది. రోజులు ఎన్నని ఎవరికీ చెప్పలేదు. కాగితం మాత్రం రాసి ఇంట్లో ఇచ్చాను.