జాత్‌ముచల్కా: ఇందులో 'జాత్' అంటే కులమా?

ప్రశ్న (సిరోంచ, మహారాష్ట్ర): జైల్ల ఉన్న ఆడోళ్ల బెయిల్ ఆర్డర్లల్ల "జాత్‌ముచల్కా" అని మరాఠీల రాసుంటది. కుల సర్టిఫికెట్ అడిగిన్రు అనుకునేటోళ్లున్నరు. అసలు మాట ఏంది?

– కులం కాదు తమ్మీ. మరాఠీల కులాన్ని కూడా జాతే అంటరు గనుక ఈ తికమక. ఇది అరబ్బీ నుంచి వచ్చిన వేరే జాత్, 'తాను' అని అర్థం. ముచల్కా మనకూ ఉన్నదే, ముచ్చలిక: రాసిచ్చే కరారు. రెండూ కలిస్తే సొంత పూచీకత్తు. పిలిచినప్పుడు వస్త, రాకుంటే ఇంత కడత అని ఆమే సంతకమో వేలిముద్రో పెడ్తది. ముందుగాల పైసలు కట్టేది లేదు.

– అసలు గోస 'జామీన్'తోని. మరాఠీల బెయిలూ జామీనే, పూచీపడే మనిషి జామీన్‌దార్. (జమీన్, జమీందార్ వేరే. దీర్ఘం తప్పితే భూస్వామి అయితడు.) "జామీన్ మంజూర్" అనంగనే ఇంటికొస్తదనుకుంటరు. ఆర్డర్ల ఒక్క అక్షరం చూడుండ్రి: "జాత్‌ముచల్కా వ ఏక్ జామీన్‌దార్". ఆ 'వ' అంటే 'ఇంకా'. రెండూ పడితేనే విడుదల. 'కింవా' ఉంటే ఏదో ఒకటి చాలు. "ముచలక్యావర్"ల చివరి 'వర్' ఉత్త 'మీద', దానితోని పేచీ లేదు.

– ఆడవాళ్లకు జామీన్‌దార్ దగ్గరే చిక్కు. పట్టా భర్త పేర ఉంటుంది, పుట్టింటి భూమి ప్రాణహిత అవతల తెలంగాణలో. ఇక్కడి ఆస్తే కావాలంటే 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసు చూపండి. ఆస్తి వేరే జిల్లాలో ఉందని పూచీ కాదనడం తప్పంది సుప్రీంకోర్టు. ఆ తాపీమేస్త్రీని 1,000 రూపాయల సొంత ముచ్చలిక మీద వదలమంది. అదే కోర్టు 2023 జనవరి 31 ఆదేశం ప్రకారం, బెయిలొచ్చి 7 రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోపు పూచీ కుదరకపోతే షరతు సడలించే సంగతి కోర్టు తనంతట తానే చూడొచ్చు. ఆరేళ్లలోపు పిల్ల తల్లితోపాటే లోపల ఉంటే ఆ నెల పిల్లకూ జైలే.

– బెయిలబుల్ (బెయిల్ హక్కుగా వచ్చే) కేసయితే అంతదాకా ఆగక్కర్లేదు అక్కా. అరెస్టయి వారమైనా పూచీ ఇవ్వలేని మనిషిని పేదగానే లెక్కగట్టి సొంత పూచీ మీద వదలాలి, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 478. ఉచిత వకీలు కోసం ఆడవాళ్లు ఆదాయ సర్టిఫికెట్ తేనక్కర్లేదు: 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం, సెక్షన్ 12.

– దరఖాస్తులో తెలుగున "సొంత పూచీకత్తు" అనే రాయండి. పర్సనల్ బాండ్‌ను "వ్యక్తిగత బంధం" చేస్తున్నారు కొందరు, పెళ్లి సంబంధం కుదిరినట్టు.