పట్టాయాలో కాండో కొనొచ్చా?

ప్రశ్న: పట్టాయాలో చిన్న కాండో (అపార్ట్‌మెంటులో ఫ్లాటు) కొని, మేం వెళ్లనప్పుడు రోజువారీ అద్దెకిద్దామని ఆలోచన. చిక్కులేమైనా ఉన్నాయా అండీ?

జవాబు: రోజువారీ అద్దె మాట మర్చిపోండి. హోటల్ లైసెన్సు లేకుండా 30 రోజులకన్నా తక్కువకి ఇవ్వడం అక్కడ చట్టవిరుద్ధం. కొనేముందు విదేశీ కోటా అడగండి: బిల్డింగు మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం వరకే మనలాంటివాళ్ల పేర రిజిస్టరవుతుంది. మరీ చవగ్గా చెబుతున్నారంటే అది థాయ్ కోటా (అంటే అక్కడివాళ్ల పేరే రిజిస్టరయ్యే) ఫ్లాటేమో చూసుకోండి.

జవాబు: డబ్బు డాలర్లలాంటి విదేశీ కరెన్సీలోనే పంపండి, దాన్ని థాయ్ కరెన్సీ బాట్‌గా మార్చేది థాయ్ బ్యాంకే కావాలి. ఆ బ్యాంకిచ్చే కాగితం లేకపోతే ల్యాండ్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ జరగదు. ఇండియా నుంచి మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్లే పరిమితి.

జవాబు: ముందు పట్టాయాకి దక్షిణాన ఉన్న జోమ్‌టియన్ బీచ్ వైపు ఓ నెల అద్దెకుండి చూడండి గురూ. బార్లుండే వాకింగ్ స్ట్రీట్ పక్కనైతే తెల్లారేదాకా మోతే.