నందాదేవి దగ్గరికి ఎందుకు పోనివ్వరు?

గాజువాక ట్రెక్కర్:
అరకు, వనజంగి తిరిగే బ్యాచ్ అండీ మాది, ఈసారి హిమాలయాలకి పోదామనుకుంటున్నాం. పూర్తిగా మన దేశంలోనే ఉన్న శిఖరాల్లో నందాదేవే పెద్దది కదా, 7,816 మీటర్లు. ఎక్కడం సంగతి దేవుడెరుగు, కనీసం కిందదాకా వెళ్దామంటే ఎవర్నడిగినా క్లోజ్ అంటున్నారు. ఎందుకలగ?

కొండగాలి:
ముందు ఉత్తరాఖండ్‌లో ఆ కొండ ఎక్కడుందో చూడు తమ్ముడూ. చుట్టూ కోటగోడలా 6,000 మీటర్లు దాటిన శిఖరాలు, మధ్యలో ఇది. ఆ గోడకి గండి ఒక్కటే, పడమటి వైపు రిషిగంగ నది కోసుకుంటూ బయటికొచ్చే ఇరుకు లోయ. 1883లో గ్రాహం అనే ఇంగ్లీషాయన వచ్చి వెనక్కెళ్ళిపోయాడు, తర్వాత ఇంకో ఇంగ్లీషాయన రట్లెడ్జ్ పదేపదే ట్రై చేసినా లోపలికి పోలేకపోయాడు. 1934లో బ్రిటిష్ పర్వతారోహకులు షిప్టన్, టిల్మన్, వాళ్ళతో ముగ్గురు షెర్పాలు ఆంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్, ఆ లోయలోంచే దారి పట్టుకుని లోపలికెళ్ళారు. 1936 ఆగస్టు 29న టిల్మన్, ఓడెల్ శిఖరం ఎక్కారు, 1950లో నేపాల్‌లోని అన్నపూర్ణ ఎక్కేదాకా మనుషులు ఎక్కిన శిఖరాల్లో అదే ఎత్తైనది. నన్నడిగితే ఎక్కడం కన్నా ఆ దారి కనిపెట్టడమే గొప్ప, కానీ ఆ ముగ్గురి పేర్లు ఎవరూ తలుచుకోరు, నాకు అదే బాధ.

ఎంవీపీ కాలనీ అక్క:
క్లోజ్ సంగతి నేను చెప్తా. 1970ల్లో టీమ్‌ల మీద టీమ్‌లు వెళ్ళి వంటకి చెట్లు నరికేసి చెత్తంతా అక్కడే వదిలేశారు, అందుకే 1982లో నేషనల్ పార్క్ చేసి మూసేశారు, 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులోకి కూడా వచ్చింది. 1965లో చైనా అణు పరీక్షలు కనిపెట్టడానికి అమెరికా గూఢచార సంస్థ సీఐఏ, మన ఇంటెలిజెన్స్ వాళ్ళు కలిసి ప్లూటోనియంతో నడిచే పరికరం ఈ కొండ పైకి మోయించారు, వాతావరణం బాలేక మధ్యలో వదిలేసి దిగారు, మర్సటేడు వెళ్తే లేదు, ఇప్పటికీ దొరకలేదు. అందుకే మూశారని చాలామంది అంటారు గానీ ప్రభుత్వం చెప్పింది పర్యావరణమే. నేనైతే మూయడమే కరెక్ట్ అంటాను.

గాజువాక ట్రెక్కర్:
థాంక్స్ అక్కా. మరి బయటినుంచైనా చూడొచ్చా?

కొండగాలి:
చూడొచ్చు. ఔలీ నుంచి బాగా కనిపిస్తుంది. నడవాలనుంటే మున్సియారి మీదుగా మర్తోలీ వైపెళ్ళి నందాదేవి ఈస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ చెయ్యండి, గోడకి బయటే. నందాదేవి ఈస్ట్ అంటే పక్కనున్న ఇంకో శిఖరం, 7,434 మీటర్లు, 1939లో పోలండ్ వాళ్ళు ఎక్కారు. వానాకాలం మాత్రం వద్దు, కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి. పర్మిట్ల సంగతి మున్సియారిలో ముందే కనుక్కోండి.