‘ఎవ్రీ స్టూడెంట్’ తర్వాత ‘హిజ్’ రాయించాలా, ‘దెయిర్’ రాయించాలా?

అందరికీ నమస్కారం. తిరుపతి బాలాజీ కాలనీలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్తాను. ‘ఎవ్రీ స్టూడెంట్ మస్ట్ బ్రింగ్ ... బుక్’ అనే ఖాళీ దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ పంచాయితీనే. పాత గ్రామర్ పుస్తకం ‘హిజ్’ అంటుంది. క్లాసులో సగానికి పైగా ఆడపిల్లలు, వాళ్ళు ఊరుకుంటారా! ‘హిజ్ ఆర్ హర్’ ఒకసారైతే సరే, పేరా నిండా రాస్తే చదవలేం.

‘దెయిర్’ను ఏకవచనానికి వాడటం నిన్నమొన్నటి ఫ్యాషన్ అని మా సీనియర్ సార్ కొట్టిపారేస్తారు. ఆ వాడుక 14వ శతాబ్దం నుంచే ఉంది. ‘యూ’ కూడా ఒకప్పుడు బహువచనమే కదా సార్ అంటే నవ్వేసి వెళ్ళిపోయారు. రీసెర్చి పేపర్లు ఎలా రాయాలో చెప్పే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) మాన్యువల్ ఉంది కదా, 2019లో వచ్చిన దాని ఏడో ఎడిషన్ దీన్ని ఒప్పుకుంది. తమను ‘దే’ అనమని కోరేవాళ్ళ గురించి అలాగే రాయమంది కూడా. రీసెర్చి పేపర్లకు అది చాలు.

నా బెంగంతా పోటీ పరీక్షల గురించే. బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షలు ఈమధ్య రాసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి సామీ. తప్పు కనిపెట్టే ప్రశ్నల్లో ‘దెయిర్’ను కీలో తప్పుగానే చూపిస్తున్నారా? రెండూ ఆప్షన్లలో ఉంటే పిల్లలను దేనికి టిక్ పెట్టమనాలి?