గణాంకాలు లేని ఆటగాడికి హాల్ ఆఫ్ ఫేమ్ ఎలా దక్కింది? జో థామస్ గురించి ఒక సందేహం

ఒహాయోవాసి:

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా క్లీవ్‌లాండ్ వచ్చి స్థిరపడ్డ నాకు అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు ఇప్పుడిప్పుడే వంటబడుతున్నాయి. ఇక్కడి సహోద్యోగులు జో థామస్ పేరెత్తితే చాలు, ఎంతో గౌరవంగా మాట్లాడతారు. అతడు 2007 నుంచి 2017 వరకు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు లెఫ్ట్ ట్యాకిల్‌గా, అంటే ఎదురు జట్టువాళ్లను అడ్డుకునే వరుసలో ఎడమ కొసన, ఆడాడనీ, ఆ 11 సీజన్లలో జట్టు 48 మ్యాచ్‌లు గెలిచి 128 ఓడిపోయిందనీ, ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ గడప తొక్కలేదనీ తెలుసుకున్నాను. అతడు బంతి విసరడు, పట్టడు, పాయింట్లు సాధించడు. అయినప్పటికీ అర్హత వచ్చిన మొదటి సంవత్సరమే, అంటే 2023లోనే, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. పరుగుల సగటు, వికెట్ల సంఖ్య చూసి ఆటగాడిని అంచనా వేయడం అలవాటైన నాకు ఇది అంతుపట్టడం లేదు. ఇది ఊరివాళ్ల అభిమానమా, లేక లైన్‌మన్‌ను (ఆ అడ్డుకునే వరుసలో ఆడేవాడిని) కొలిచే పద్ధతి ఏదైనా ఉందా? ఆ స్థానంలో ఆడేవారి జీవితం ఎలా ఉంటుందో తెలిసినవారు వివరించగలరు.

విస్కాన్సిన్ పాతకాపు:

మీ సందేహం సహేతుకమైనదే. లైన్‌మన్ చేసే పనికి అధికారికంగా లెక్క లేకపోగా, ఉన్న ఒక్క లెక్క కూడా ప్రత్యర్థి ఖాతాలోకి పోతుంది. బంతి విసిరే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్‌ను అతడు విసరకముందే పడగొట్టడాన్ని శాక్ అంటారు. 1982 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) దాన్ని పడగొట్టినవాడి పేరు మీద నమోదు చేస్తోంది గాని, పడకుండా ఆపినవాడి పేరు మీద ఏదీ నమోదు కాదు. తప్పు చేసినప్పుడు మాత్రం రిఫరీ మైకులో అతడి నంబరు చదువుతాడు: ప్రత్యర్థిని పట్టి లాగితే 10 గజాలు, బంతిని వెనక్కి అందించి ప్రతి ఆటను మొదలుపెట్టే స్నాప్‌కు ముందే కదిలితే 5 గజాలు జరిమానా.

థామస్ 1984లో పుట్టి, మిల్వాకీ పక్కనున్న బ్రూక్‌ఫీల్డ్‌లో పెరిగాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్‌తో పాటు షాట్‌పుట్, డిస్కస్ కూడా విసిరేవాడు. 2006 జనవరిలో జరిగిన బౌల్ మ్యాచ్‌లో (కళాశాల సీజన్ చివర జరిగే ప్రత్యేక మ్యాచ్) డిఫెన్స్‌లో మనుషులు తక్కువై అతడిని అటువైపు దించారు. అక్కడే మోకాలి లిగమెంట్ తెగింది. వెంటనే ప్రొఫెషనల్ ఆటకు వెళ్లే ఆలోచన మానుకుని మరో ఏడాది కళాశాలలోనే ఆడి, దేశంలో ఉత్తమ ఇంటీరియర్ లైన్‌మన్‌కు ఇచ్చే ఔట్‌లాండ్ ట్రోఫీ గెలుచుకున్నాడు. 2007 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) బ్రౌన్స్ అతడిని మూడో ఎంపికగా తీసుకున్నారు. న్యూయార్క్ వేదిక మీదికి రమ్మని ఆహ్వానం ఉన్నా వెళ్లకుండా, ఆ రోజు తండ్రితో కలిసి మిషిగన్ సరస్సులో పడవ మీద చేపలు పడుతూ గడిపాడు. లైన్‌మన్ స్వభావం ఎలాంటిదో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

అతడి విషయంలో ఒక అంకె మాత్రం ఉంది: వరుసగా 10,363 స్నాప్‌లు. 2007 సెప్టెంబరు 9న ఆడిన తొలి మ్యాచ్ మొదటి స్నాప్ నుంచి 2017 అక్టోబరు 22న టెన్నెసీ మీద ఆడుతూ ఎడమచేతి ట్రైసెప్స్ తెగేవరకు, బ్రౌన్స్ ఆఫెన్స్ (బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే బృందం) ఆడిన ఒక్క స్నాప్‌ను కూడా అతడు వదల్లేదు. ఆ కాలంలో అతడి వెనుక 20 మంది క్వార్టర్‌బ్యాక్‌లు మారారు. తొలి మ్యాచ్ మొదలుపెట్టిన చార్లీ ఫ్రైని రెండు రోజులకే మరో జట్టుకు ఇచ్చేశారంటే, మిగతా కథ ఎలా సాగిందో మీరే ఊహించుకోవచ్చు.

ఇక కొలమానం సంగతి. అతడు 2007 నుంచి 2016 దాకా వరుసగా 10 సార్లు లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్ అయిన ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. ఆ ఎంపికలో అభిమానుల ఓటు మూడో వంతు మాత్రమే, మిగతా రెండు వంతులు ఆటగాళ్లవి, కోచ్‌లవి. అంటే అతడిని దాటలేకపోయినవాళ్లే అతడికి ఓటు వేశారన్నమాట. కనుక దీన్ని ఊరి అభిమానంగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఆదివారం ప్రేక్షకుడు:

పాతకాపు గారితో ఒక చోట విభేదించవలసి వస్తోంది. 10,363 అనేది ఓర్పుకు కొలత, ప్రతిభకు కాదు. ప్రో బౌల్ ఓట్లు కూడా అంత నమ్మదగినవని నేను అనుకోను. లైన్‌మన్ పేరు ఒకసారి నలుగురి నోట్లో నానితే, ఆ తరువాత ఓట్లు అలవాటుగా పడుతూనే ఉంటాయి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఏటా ఉత్తమ ఆటగాళ్లతో ప్రకటించే ఆల్-ప్రో మొదటి జట్టులో ప్రతి స్థానానికీ పోటీ తీవ్రంగా ఉంటుంది కాబట్టి, అందులో అతడికి ఆరుసార్లు చోటు దక్కడాన్ని నేను ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటాను. అయితే అసలు సాక్ష్యం వీడియోలోనే ఉంది.

కుడిచేతి క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి తిరిగినప్పుడు అతడి వీపు ఎడమవైపుకు ఉంటుంది. ఆ చూడలేని వైపును కాపాడేవాడే లెఫ్ట్ ట్యాకిల్. ఎదురుగా వచ్చేవాడు ముందుకు పరిగెత్తుతాడు, ఇతడు వెనక్కి జరుగుతూ ఆపాలి. స్నాప్ పడగానే ఎడమ పాదం వెనక్కి జారాలి, కుడి పాదం నేలను దాదాపు వదలకుండా దాని వెంటే రావాలి, నడుము వంచకుండా మోకాళ్లు మాత్రమే వంచాలి, రెండు చేతులూ ప్రత్యర్థి భుజాల నడుమ ఛాతీ మీద పడాలి. చేయి ముందే చాపితే అతడు దాన్ని పక్కకు కొట్టేసి దూసుకుపోతాడు, ఆలస్యమైతే ఛాతీలోకి వచ్చి వెనక్కి నెట్టేస్తాడు. ఇదంతా రెండున్నర, మూడు సెకన్లలో తేలిపోయే వ్యవహారం.

థామస్ ప్రతిసారీ ఒకేలా వెనక్కి జరిగేవాడు కాదు. ఒకసారి నిదానంగా వెనక్కి తగ్గి, మరోసారి తానే ముందడుగు వేసి చేతులు తగిలించేవాడు. దాంతో ఎదుటివాడికి తన ఎత్తు ఎప్పుడు వేయాలో తెలిసేది కాదు. పైగా అతడి డివిజన్‌లో (లీగ్‌లోని నాలుగు జట్ల ఉపవిభాగంలో) బాల్టిమోర్ తరఫున టెరెల్ సగ్స్, పిట్స్‌బర్గ్ తరఫున జేమ్స్ హారిసన్ ఉండేవారు. ఇద్దరూ లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి పురస్కారం అందుకున్నవారే, ఏటా రెండేసి సార్లు ఆ జట్లతో ఆడక తప్పదు. ఒక మాట గమనించండి: ఓడిపోతున్న జట్టు చివరి భాగంలో విధిగా బంతి విసరాల్సి వస్తుంది, ఆ సంగతి ఎదుటి జట్టుకు ముందే తెలుసు. అటువంటి స్థితిలో ఆడటం గెలిచే జట్టు లైన్‌లో ఆడటంకన్నా చాలా కష్టం. జట్టు ఓటములు అతడి గొప్పతనాన్ని తగ్గించేవి కావని, పరీక్షను మరింత కఠినం చేసేవని నా అభిప్రాయం.

చికాగో వైద్యుడు:

ఆట నైపుణ్యం మీద నేను చెప్పగలిగింది లేదు గాని, ఒహాయోవాసి గారు జీవితం గురించి కూడా అడిగారు కనుక ఒక విషయం చేరుస్తాను. ఇదే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మైక్ వెబ్‌స్టర్ 1974 నుంచి పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు సెంటర్‌గా (లైన్ నడుమ ఆటగాడిగా) ఆడి నాలుగు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్ మ్యాచ్‌లు) గెలిచాడు. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఆట మానేశాక జ్ఞాపకశక్తి, ప్రవర్తన దెబ్బతిని, ఉండటానికి ఇల్లు కూడా లేని స్థితికి వచ్చి, 2002లో 50 ఏళ్ల వయసులో మరణించాడు. శవపరీక్ష చేసిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు అతడి మెదడులో సీటీఈ అనే క్షీణత లక్షణాలను గుర్తించి 2005లో ప్రచురించారు.

స్పృహ తప్పించే పెద్ద దెబ్బలు మాత్రమే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. లైన్‌మన్‌కు దాదాపు ప్రతి స్నాప్‌లోనూ తల, భుజం తగులుతూనే ఉంటాయి. లక్షణాలు కనబడని ఈ చిన్న దెబ్బలు ఏళ్ల తరబడి పేరుకోవడమే ఈ వ్యాధికి ముఖ్య కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. బతికున్న మనిషిలో దీన్ని నిర్ధారించే పరీక్ష ఇంకా లేదు. థామస్ కూడా ఆడుతున్న రోజుల్లోనే, మతిమరుపు తనకు అనుభవంలోకి వస్తోందని ఒక ఇంటర్వ్యూలో దాచకుండా చెప్పాడు. మీరు గౌరవంగా చూస్తున్న 10,363ను నేను ఈ కోణంలో కూడా చూడకుండా ఉండలేను.

ఒహాయోవాసి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. వైద్యుడు గారు చెప్పింది చదివాక మరో ప్రశ్న మిగిలింది. ఇన్ని ఓటముల మధ్య అతడు వేరే జట్టుకు ఎందుకు వెళ్లలేదు? ఆట మానేశాక అంత బరువుతో ఎలా నెట్టుకొస్తున్నాడు?

విస్కాన్సిన్ పాతకాపు:

వెళ్లే అవకాశం దగ్గరగా వచ్చింది. 2015 సీజన్ మధ్యలో అతడిని డెన్వర్‌కు ఇచ్చే చర్చలు గడువు రోజు వరకు నడిచి తెగిపోయాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ సీజన్‌లో సూపర్ బౌల్ గెలిచింది డెన్వరే. అయితే అతడు నష్టపోయాడని జాలిపడనక్కరలేదు. 2011లోనే బ్రౌన్స్ అతడితో ఏడేళ్లకు 8.4 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. జట్టును గాడిలో పెట్టిన తరంలో తానూ ఒకడు కావాలని ఉందని అతడు పలుమార్లు చెప్పాడు. అది నెరవేరలేదు, 2017లో బ్రౌన్స్ 16కు 16 మ్యాచ్‌లూ ఓడారు, 2018 మార్చిలో అతడు రిటైరయ్యాడు.

బరువు సంగతి ఆసక్తికరమైనది. 140 కిలోల బరువు అతడికి సహజంగా వచ్చింది కాదు, ఉద్యోగం కోసం నిలబెట్టుకున్నది. ఆకలి లేకపోయినా తినడం, రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ తినడం లైన్‌మన్ల దినచర్యలో భాగం. ఆట మానేసిన కొద్ది నెలల్లోనే రొట్టె, పాస్తా తగ్గించి, ఈత, సైకిల్, యోగా మొదలుపెట్టి సుమారు 22 కిలోలు తగ్గాడు. కీళ్ల నొప్పులు కూడా తగ్గాయని తానే చెప్పాడు. మీరు క్లీవ్‌లాండ్‌లోనే ఉన్నారు కాబట్టి, హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కాంటన్ కారులో గంట దూరమే. వెళ్లే ముందు పాత బ్రౌన్స్ మ్యాచ్ ఒకటి పెట్టుకుని, బంతి ఎటు పోయినా పట్టించుకోకుండా 73వ నంబరు కాళ్లను మాత్రమే ఒక క్వార్టర్ పాటు చూడండి.