మండువా ఇంటికి బురద గది: వీధి అరుగు మూసేయొచ్చా?

చీపురుపల్లి అమ్మాయి:
మాది తాతల నాటి మండువా ఇల్లు. గానుగ సున్నం గోడలు, టేకు స్తంభాలు, వీధి వైపు రెండు అరుగులు. ఉభాల (వరి నాట్ల) రోజుల్లో నాన్న పొలం నుంచి వస్తే బురద కాళ్ళు, తడి గొడుగు, చెప్పులు అన్నీ సావిట్లోకే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, తుడవలేకపోతోంది. ఎడమ అరుగుకి గోడ కట్టి, లోపల పంపు, చెప్పుల స్టాండు పెట్టి, బురద కాళ్ళు కడుక్కునే గది చేద్దామని మేస్త్రీ అంటున్నాడు. తమ్ముడు ససేమిరా అంటున్నాడు. మీరేమంటారు?

రాజాం మావయ్య:
తమ్ముడి మాటే నాదీ, తల్లీ. మా వీధిలో ఏడిళ్ళ అరుగులు వరసగా ఉండేవి. ఒకరు గ్రిల్ పెట్టారు, నాలుగేళ్ళలో అన్నీ మూసుకుపోయాయి. ఇప్పుడు సాయంత్రం కూర్చోవాలంటే ముసలాళ్ళకి గుడి మెట్లే దిక్కు.

బొబ్బిలి కోడలు:
అరుగు మీద కూర్చునేది మీరు మావయ్యగారూ, సావిడి తుడిచేది మేము. కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం మన పద్ధతే కదా, దానికో చోటు అడిగితే తప్పా?

సున్నం పని:
పాత ఇళ్ళ మరమ్మతు నా పని. గది కట్టండి, అరుగు మీద మాత్రం వద్దు. అక్కడ పంపు పెడితే నీళ్ళు పాత గోడ అడుగుకి దిగుతాయి. సున్నం గోడ చెమ్మ పీల్చినా గాలి తగిలితే ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూసి టైల్సు అంటిస్తే చెమ్మ లోపలే చిక్కుకుని పైకెక్కుతుంది, ఉప్పు తేరి పూత రాలుతుంది. పెరటి గుమ్మం పక్కన వేరే పునాది వేయండి. పాత గోడని తొలిచి కొత్తది అందులో కలపొద్దు. పాత పునాది ఎప్పుడో కుదురుకుంది, కొత్తది ఇంకా కుంగుతుంది, కలిపినచోట పగులుతుంది. మధ్యలో వేలెడు సందు వదిలి, వాన దిగకుండా పైన రేకు మడత పెట్టండి. కప్పు పాత చూరు కిందే ఉండాలి. నేల గడప కంటే తక్కువలో, కాలవ వైపు వాలుగా, గరుకు రాళ్ళతో పరచండి.

నరసన్నపేట:
కప్పు రేకులైతే గట్టిగా బిగించండి. 2018లో తిత్లీ తుపానుకి మా పెరటి రేకులు లేచి మండువా పెంకుల మీద పడ్డాయి. ఆ సైజు పెంకులు మళ్ళీ దొరకలేదు.

చీపురుపల్లి అమ్మాయి:
పెరటి వైపుకి తమ్ముడు సరేనన్నాడు. నాన్నే, "నా ఇంట్లోకి నేను దొడ్డిదారిన రావాలా?" అంటున్నారు.

రాజాం మావయ్య:
ఆయన బాధ నాకు తెలుసు. చెప్పులకీ గొడుగులకీ పెరటి గది. వీధి మెట్ల పక్కన, గోడకి దూరంగా, ఓ గోలెం, రాతి పలక పెట్టించు.

బొబ్బిలి కోడలు:
ఆ గోలెం రోజూ ఎవరు నింపుతారో కూడా ముందే మాట్లాడుకో చెల్లీ. అమ్మ మోకాళ్ళ మీద పడకూడదు.